కంట్రోల్-డబ్ల్యూ కొడితే పాత్ మొత్తం ఎగిరిపోతోంది, ఇన్‌పుట్‌ఆర్‌సీలో మార్చినా మారడం లేదు

అరసవల్లి_ఎండ
నాలుగు రోజులుగా ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోయాను. శ్రీకాకుళంలో ఇంటి నుంచే పని. సర్వర్లు ఎక్కడో ఉంటాయి, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరపు మెషీన్‌లో కమాండ్లు కొట్టే దారి) వెళ్లాలి. మా వీధిలో కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాటే గతి. అప్పుడు కొట్టిన అక్షరం తెర మీదకు రావడానికి అర సెకను పడుతుంది. బాణం కీ నొక్కి పట్టుకుంటే కర్సర్ ఎక్కడ ఆగుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఒక కీతో ఒక మాట దాటగలిగితే ఈ బాధ ఉండదని షార్ట్‌కట్లు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

సమస్య ఇదీ. పొడవాటి పాత్ (స్లాష్‌లతో రాసే ఫైలు దారి) కొట్టాక చివరి ఫైలు పేరు ఒక్కటే తుడుద్దామని కంట్రోల్-డబ్ల్యూ కొడతాను. అది వెనక స్పేస్ ఎక్కడుంటే అక్కడిదాకా తినేస్తుంది. అంటే పాత్ మొత్తం పోయినట్టే. నాకది స్లాష్ దగ్గర ఆగాలి. యునిక్స్-ఫైల్‌నేమ్-రబౌట్ అనే ఫంక్షన్ సరిగ్గా ఈ పనే చేస్తుందని మాన్యువల్‌లో చదివాను. హోమ్ ఫోల్డర్లో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ (ఏ కీ ఏ పని చేయాలో రాసే ఫైలు) పెట్టి, కంట్రోల్-డబ్ల్యూకి దాన్ని కట్టాను. లాగౌట్ అయి మళ్లీ వచ్చాను. ఏమీ మారలేదు.

అదే ఫంక్షన్ని ఆల్ట్-డబ్ల్యూకి కడితే మాత్రం చక్కగా పనిచేస్తోంది. అంటే ఫైలు చదువుతోంది, ఈ ఒక్క కీని పట్టించుకోవడం లేదు. సర్వర్ సెంట్‌ఓఎస్ 7 లైనక్స్, కమాండ్లు అందుకునే షెల్ బ్యాష్ 4.2. ఎవరికైనా ఇలా జరిగిందా?

మూడులాంతర్ల_మూల
ఆల్ట్-బ్యాక్‌స్పేస్ వాడండి. స్లాష్ దగ్గర ఆగుతుంది. ఏమీ మార్చక్కర్లేదు.

అరసవల్లి_ఎండ
చూశానండీ. అది హైఫన్ దగ్గర, చుక్క దగ్గర కూడా ఆగిపోతుంది. మా లాగ్ ఫైళ్ల పేర్లు యాప్-2024-03.లాగ్ లాగా ఉంటాయి. ఒక్క పేరు పోవడానికి నాలుగుసార్లు కొట్టాలి.

నాగావళి_ఒడ్డు
నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు. మార్చొద్దు. ఉన్నవాటినే చేతికి పట్టించుకో.

నేను చూసుకునే సర్వర్లు పాతికకు పైనే. అర్ధరాత్రి ఫోన్ వస్తే ఏ మెషీన్‌లోకి వెళ్లాల్సి వస్తుందో ముందు తెలీదు. అక్కడ నా ఫైలు ఉండదు. మన వేలు ఒకటి అనుకుని నొక్కితే అక్కడ ఇంకోటి జరుగుతుంది, అదీ టెన్షన్‌లో ఉన్నప్పుడు.

బ్యాష్ ఎక్కడున్నా మామూలుగా దొరికేవి ఇవి: కంట్రోల్-ఏ లైను మొదటికి, కంట్రోల్-ఈ చివరికి. కంట్రోల్-యూ కర్సర్‌కి ఎడమ పక్కదంతా తుడుస్తుంది, కంట్రోల్-కే కుడి పక్కది. తుడిచింది ఎక్కడికీ పోదు, కంట్రోల్-వై కొడితే తిరిగొస్తుంది. చాలామందికి ఈ చివరిది తెలీదు. పొడవాటి ఆర్‌సింక్ కమాండ్ సగం కొట్టావు, అవతలి ఫోల్డర్ పేరు గుర్తు రాలేదు. కంట్రోల్-యూ కొట్టు, లైను ఖాళీ అయిపోతుంది. ఎల్ఎస్ చేసి పేరు చూసుకో. కంట్రోల్-వై కొట్టు, సగం కమాండ్ ఎక్కడ వదిలావో అక్కడికే వచ్చి నిలబడుతుంది. మిగతా సగం కొట్టుకో. దీనికి ఏ ఫైలూ మార్చక్కర్లేదు.

వీఐ_వీరుడు
సెట్ మైనస్ ఓ వీఐ అని ఒక్క కమాండ్ కొట్టండి, షెల్ వీఐ ఎడిటర్ కీల పద్ధతికి మారుతుంది, గొడవ ఉండదు. ఎస్కేప్, పెద్ద టీ, స్లాష్, పెద్ద సీ. కర్సర్ వెనక్కి స్లాష్ పక్కకి వెళ్తుంది, అక్కణ్ణుంచి చివరిదాకా పోతుంది, కొత్త పేరు కొట్టుకోవడమే. హైఫన్లున్నా చుక్కలున్నా దానికి లెక్కలేదు.

నాగావళి గారూ, అన్నిచోట్లా ఉండేదే కావాలంటే వీఐ మోడే ఇంకా గట్టిది. యునిక్స్ వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో షెల్‌కి రాసిపెట్టిన ఎడిటింగ్ మోడ్ వీఐ ఒక్కటే. మీరు చెప్పిన కంట్రోల్-ఏ, కంట్రోల్-ఈ కీలుండే ఈమ్యాక్స్ మోడ్ అందులో లేదు.

నాగావళి_ఒడ్డు
ప్రమాణంలో ఉంది, కాదనను. కానీ బ్యాష్ తెరిస్తే వచ్చేది ఈమ్యాక్స్ మోడే. పైగా వీఐలో టైప్ చేసే మోడ్‌లో ఉన్నావో కమాండ్ మోడ్‌లో ఉన్నావో కనిపించదు. ప్రాంప్ట్‌లో చూపించే సెట్టింగ్ రీడ్‌లైన్ (బ్యాష్‌లో లైను కొట్టడం, దిద్దడం చూసుకునే లైబ్రరీ) 6.3లో వచ్చింది. అరసవల్లి వాళ్ల సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 6.2. అరసెకను ఆలస్యం వచ్చే లైన్లో మోడ్ కనిపించకుండా గుడ్డిగా కొట్టమంటావా?

వీఐ_వీరుడు
ఆలస్యం ఉన్నప్పుడే కదా అసలు లాభం! వీఐ పుట్టిందే అలాంటి చోట. బిల్ జాయ్ బర్క్‌లీలో నెమ్మది లైను మీద రాశాడు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో హెచ్, జే, కే, ఎల్ కీల మీదే బాణం గుర్తులు ఉండేవి, ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట ఉండేది. అందుకే ఆ కీలు అలా కుదిరాయి. మోడ్ మీద అనుమానం వస్తే ఇంకోసారి ఎస్కేప్ కొడితే సరి, నష్టం లేదు.

పైడితల్లి_వీధి
మీ ఇద్దరి వాదన బాగుంది కానీ అరసవల్లి అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు.

కంట్రోల్-డబ్ల్యూ ఒక్క రీడ్‌లైన్‌ది కాదు, దాని కింద ఉన్న టెర్మినల్ డ్రైవర్‌ది కూడా. టెర్మినల్ సెట్టింగులు చూపించే ఎస్‌టీటీవై మైనస్ ఏ అని కొట్టి చూడు. కిల్ ఎదురుగా కంట్రోల్-యూ, వెరేజ్ ఎదురుగా కంట్రోల్-డబ్ల్యూ కనిపిస్తాయి. ఉత్త క్యాట్ అని కొట్టి ఏదైనా టైప్ చేస్తే అక్కడ రీడ్‌లైన్ ఉండదు, అయినా కంట్రోల్-డబ్ల్యూ పనిచేస్తుంది. అది కెర్నెల్ చేసే పని.

రీడ్‌లైన్ లైను అందుకునే ప్రతిసారీ ఆ ప్రత్యేక కీలు ఏమిటో టెర్మినల్‌ని అడిగి, వాటికి తన మామూలు ఫంక్షన్లు తగిలిస్తుంది. నువ్వు ఫైల్లో రాసింది చదివింది, ఒప్పుకుంది, ఆ వెంటనే దాని మీద ఇది వచ్చి కూర్చుంది. ఆల్ట్-డబ్ల్యూ ఆ జాబితాలో లేదు కాబట్టి బతికిపోయింది.

ఇన్‌పుట్‌ఆర్‌సీలో సెట్ బైండ్-టీటీవై-స్పెషల్-చార్స్ ఆఫ్ అని ఒక లైను రాయి. మధ్యలో హైఫన్లు మరిచిపోకు. లాగౌట్ అవ్వక్కర్లేదు, కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఆర్ కొడితే ఫైలు మళ్లీ చదువుతుంది.

ఎస్‌టీటీవై వెరేజ్ అన్‌డెఫ్ అని బ్యాష్‌ఆర్‌సీలో పెట్టే దారి కూడా ఉంది. నేను వద్దంటాను, అప్పుడు క్యాట్ లాంటి చోట్ల కంట్రోల్-డబ్ల్యూ చచ్చిపోతుంది.

అరసవల్లి_ఎండ
పనిచేసింది!! పొడవాటి పాత్ కొట్టి కంట్రోల్-డబ్ల్యూ కొట్టాను, ఫైలు పేరు ఒక్కటే పోయింది. ఇంకోసారి కొడితే దాని పై ఫోల్డర్ పోయింది. మెట్టు మెట్టుగా దిగుతున్నట్టుంది. చాలా థ్యాంక్స్ అండీ. నాలుగు రోజులు నా స్పెల్లింగే తప్పనుకుని ఆ లైను కొట్టి చెరిపి కొట్టి చెరిపి చూశాను.

ల్యాబ్_మాస్టారు
టెర్మినల్ డ్రైవర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. రాజాం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూస్తాను. ప్రతి ఏడూ ఫస్టియర్ పిల్లలు వచ్చిన మొదటి నెలలో కనీసం పదిమంది "సార్, సిస్టమ్ హ్యాంగ్ అయిపోయింది" అంటారు. వెళ్లి చూస్తే హ్యాంగ్ ఏమీ కాదు, సేవ్ చేద్దామని కంట్రోల్-ఎస్ కొట్టి ఉంటారు. టెర్మినల్ దాన్ని "ఆగు" అని అర్థం చేసుకుని తెరను ఆపేస్తుంది. కంట్రోల్-క్యూ కొడితే కదులుతుంది. పాత టెలిటైపుల కాలం నాటి సంకేతం అది.

ఒకసారి ఒక అమ్మాయి రెండు గంటలు కూర్చుని రాసిన ప్రోగ్రామ్ ఉన్న టెర్మినల్ని కంగారులో మూసేసింది. ఏడుపు ఒక్కటే తక్కువ. విమ్ ఎడిటర్‌కి స్వాప్ ఫైలు (రాస్తుండగానే దాచుకునే నకలు) ఉంటుంది కాబట్టి దాదాపు అంతా వెనక్కి వచ్చింది. ఆ రోజు నుంచి ల్యాబ్ మెషీన్లన్నింటిలో ఎస్‌టీటీవై మైనస్ ఇక్సాన్ పెట్టి ఆ తెర ఆపే పనిని తీసేశాను. ఇంకో లాభం కూడా ఉంది: కంట్రోల్-ఆర్‌తో పాత కమాండ్లు వెతుకుతూ పొరపాటున ముందుకి వెళ్లిపోతే, కంట్రోల్-ఎస్‌తో ఇటువైపు వెనక్కి రావచ్చు. తెర ఆపే పనిలో ఉన్నంతకాలం ఆ కీ మనకి అందదు.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, దీనికి మాత్రం నేనూ ఓటేస్తాను. తెర ఆపే పని ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

అరసవల్లి_ఎండ
ఇంకో వింత. కంట్రోల్ పట్టుకుని కుడి బాణం కొడితే ఇదివరకు ఒక మాట ముందుకి వెళ్లేది. ఇప్పుడు లైను మీద సెమికోలన్, 5, సీ అని పడుతున్నాయి. బాణాలు మానేశాను కదా, ఎప్పటి నుంచి ఇలా ఉందో గమనించలేదు.

పైడితల్లి_వీధి
నువ్వు ఆ ఫైలు పెట్టిన రోజు నుంచే. హోమ్‌లో ఇన్‌పుట్‌ఆర్‌సీ లేకపోతే రీడ్‌లైన్ ఈటీసీలో (మెషీన్ మొత్తానికి వర్తించే సెట్టింగుల ఫోల్డర్లో) ఉన్నది చదువుతుంది. హోమ్‌లో ఒకటి కనిపిస్తే ఈటీసీ వైపు చూడదు. కంట్రోల్-బాణాలు కట్టి ఉన్నది ఆ ఈటీసీ ఫైల్లోనే. నీ ఫైలు మొదటి లైన్లో డాలర్ ఇన్‌క్లూడ్ అని, పక్కన స్లాష్ ఈటీసీ స్లాష్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అని రాయి.

ఏ కీ కొడితే టెర్మినల్ ఏం పంపుతోందో తెలియకపోతే ముందు కంట్రోల్-వీ కొట్టి తర్వాత ఆ కీ కొట్టు. అసలు కోడ్ తెర మీద పడుతుంది. ఊహించి రాయడం కంటే అది నయం.

మూడులాంతర్ల_మూల
నేను ఇన్‌పుట్‌ఆర్‌సీలో పెట్టుకున్నది ముఖ్యంగా ఒకటే. పై బాణాన్ని హిస్టరీ-సెర్చ్-బ్యాక్‌వర్డ్‌కి, కింది బాణాన్ని హిస్టరీ-సెర్చ్-ఫార్వర్డ్‌కి కట్టడం. డాకర్ అని కొట్టి పై బాణం కొడితే డాకర్‌తో మొదలైన పాత కమాండ్లే వస్తాయి. ఇది లేని మెషీన్‌లో కూర్చుంటే చెప్పులు లేకుండా ఎండలో నడిచినట్టుంటుంది నాకు.

దీనికి రావడానికి కారణం ఒక దెబ్బ. కంట్రోల్-ఆర్ కొట్టి "లాగ్స్" అని కొట్టాను. లాగ్ చివరి లైన్లు చూపే టెయిల్ కమాండ్ వస్తుందని చేతికి అలవాటు, చూడకుండా ఎంటర్ కొట్టేశాను. వచ్చింది టెయిల్ కాదు, అంతకు ముందురోజు టెస్ట్ మెషీన్ కోసం వాడిన ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్, అంటే ఫోల్డర్ మొత్తం తుడిచేసేది. మూడు నెలల లాగ్‌లు పోయాయి. బ్యాకప్ ఉందనుకున్నాం, దానికి ఆ ఫోల్డర్ చేర్చలేదని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నాను. కంట్రోల్-ఆర్‌లో దొరికినదాని మీద ఎంటర్ కొట్టను. ముందు కంట్రోల్-ఈ కొడతాను, అది మామూలు లైనుగా ప్రాంప్ట్ మీదకు వస్తుంది, చదివి అప్పుడు ఎంటర్. రెండోది, తుడిచే కమాండ్ ఏదైనా ముందు ఒక స్పేస్ కొట్టి మొదలుపెడతాను. హిస్ట్‌కంట్రోల్ అనే వేరియబుల్‌లో ఇగ్నోర్‌స్పేస్ పెట్టుకుంటే అది హిస్టరీలోకే ఎక్కదు.

ఉద్దానం_కొబ్బరి
మూడులాంతర్ల అన్నయ్యా, స్పేస్ సంగతి ఇవాళే పెట్టుకుంటాను.

నెమ్మది లైను అంటే నాకు 2018 అక్టోబరు గుర్తొస్తుంది. 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా సోంపేట వైపు కొబ్బరి చెట్టు నిలబడ్డది లేదు, కరెంటు స్తంభం నిలబడ్డది లేదు. నాకు ఒక సర్వర్లో డిస్క్ నిండిపోయిందని మెసేజ్. మెయిన్ రోడ్డు మీదకి నడిచి వెళ్తే ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్. టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ తెరిచి లోపలికి వెళ్లాను. ఫోన్ కీబోర్డులో కంట్రోల్ ఉండదు, టెర్మక్స్‌లో వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుంటే అదే కంట్రోల్. ఆల్ట్ బదులు ఎస్కేప్ కొట్టి వదిలేసి తర్వాతి కీ కొడితే చాలు. లారీ టైరు మీద కూర్చుని వాల్యూమ్ బటన్‌తో కంట్రోల్-ఏ, కంట్రోల్-కే కొట్టుకుంటూ పని ముగించాను. పక్కనున్న పెద్దాయన "ఏటి బాబూ, పాట పెంచుతున్నావా తగ్గిస్తున్నావా" అని అడిగాడు.

ఆ రోజు నాగావళి గారు చెప్పిన మామూలు కీలే ఆదుకున్నాయి, నా ఫైలు కాదు. అది నిజం.

చీపురుపల్లి_ప్యాసింజర్
ఎస్‌ఎస్‌హెచ్ బదులు మోష్ ప్రయత్నించారా అరసవల్లి? కొట్టిన అక్షరాన్ని సర్వర్ జవాబు కోసం ఆగకుండా మన వైపే చూపించేస్తుంది. ఇంకా ఖాయం కానివాటి కింద గీత ఉంటుంది. హాట్‌స్పాట్ నుంచి ఫైబర్‌కి మారినా తెగదు.

అరసవల్లి_ఎండ
సర్వర్ వైపు కూడా మోష్ ఉండాలి కదా. క్లయింట్ ఒప్పుకోడు. నా సొంత వీపీఎస్‌లో (అద్దె సర్వర్‌లో) పెట్టి చూస్తాను.

జెడ్‌షెల్_జ్యోతి
మ్యాక్ వాళ్లు ఎవరైనా ఇది చదివి ఇన్‌పుట్‌ఆర్‌సీ రాసుకుంటారేమో, ఆగండి. 2019లో కాటలీనా వచ్చినప్పటి నుంచి మ్యాక్‌లో మామూలుగా వచ్చే షెల్ జెడ్‌షెల్. దానికి రీడ్‌లైన్‌తో సంబంధం లేదు, జెడ్‌ఎల్‌ఈ అని సొంత ఎడిటర్ ఉంది. ఇన్‌పుట్‌ఆర్‌సీని చూడదు. అక్కడ కీలు కట్టేది బైండ్‌కీతో.

అరసవల్లి సమస్యకి అక్కడ విరుగుడు ఇంకోలా ఉంటుంది. వర్డ్‌చార్స్ అనే వేరియబుల్‌లో మాటలో భాగంగా లెక్కపెట్టే గుర్తులన్నీ ఉంటాయి. అందులోంచి స్లాష్ తీసేస్తే కంట్రోల్-డబ్ల్యూ స్లాష్ దగ్గర ఆగుతుంది. హైఫను, చుక్క అందులోనే ఉంటాయి కాబట్టి వాటి దగ్గర ఆగదు.

ఇంకోటి, ఎడిటర్ వేరియబుల్‌లో విమ్ అని ఉంటే జెడ్‌షెల్ తనంతట తాను వీఐ మోడ్‌కి మారిపోతుంది. నాకు కంట్రోల్-ఏ ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. బైండ్‌కీ మైనస్ ఈ పెడితే వెనక్కి వచ్చింది.

వీఐ_వీరుడు
చూశారా, జెడ్‌షెల్‌కి కూడా తెలుసు ఏది మంచిదో.

జెడ్‌షెల్_జ్యోతి
దానికి తెలిసింది నాకు తెలియాలిగా వీరుడుగారూ!

బొబ్బిలి_తీగ
నా ప్రశ్న కొంచెం పక్కది. మా నాన్నగారి వీణ రికార్డింగులు ఒక పాత లైనక్స్ పెట్టెలో పెట్టాను. ఫైళ్ల పేర్లు తెలుగులోనే, మోహన, కల్యాణి, తోడి అని. ఆయన చదువుకోవాలి కదా. పెట్టె ముందు కూర్చుంటే బాగానే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లి తెలుగు కొడితే చెత్త పడుతోంది, కొన్నిసార్లు కర్సర్ ఎక్కడికో గెంతుతోంది.

పైడితల్లి_వీధి
ముందు లొకేల్ అని కొట్టి చూడండి, భాష, అక్షరాల సెట్టింగు కనిపిస్తుంది. సీ అనో పోసిక్స్ అనో వస్తే అదే జబ్బు. తెలుగులో ఒక్కో కోడ్ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. కల్యాణి అన్న మాటలో ఏడు కోడ్లు, మొత్తం ఇరవై ఒక్క బైట్లు. ఆ బైట్లలో పైబిట్ ఉంటుంది. లొకేల్ సీ అయితే రీడ్‌లైన్ ఆ పైబిట్‌ని తీసేసి ముందు ఎస్కేప్ చేరుస్తుంది. అంటే మీరు కొట్టిన తెలుగు దానికి ఆల్ట్ కీలుగా వినిపిస్తోంది. అందుకే కర్సర్ గెంతులు.

లాంగ్ వేరియబుల్‌ని యూటీఎఫ్-8 ఉన్న లొకేల్‌కి మార్చండి. ఇన్‌పుట్‌ఆర్‌సీలో ఇన్‌పుట్-మెటా ఆన్, అవుట్‌పుట్-మెటా ఆన్, కన్వర్ట్-మెటా ఆఫ్ పెట్టండి.

బొబ్బిలి_తీగ
సీ అనే వచ్చింది. మార్చాను, ఇప్పుడు తెలుగు తెలుగులాగే పడుతోంది. ఒత్తులు కాస్త విడివిడిగా కనిపిస్తున్నాయి కానీ మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తవుతోంది. అది చాలు నాకు. నాన్నగారికి చూపించాను, "కల్యాణి వచ్చిందా" అని నవ్వారు.

అరసవల్లి_ఎండ
ఇవాళ కొత్త తలనొప్పి. ఆ సర్వర్లో మా ఆరుగురికీ ఒకటే లాగిన్. పొద్దున్నే సహోద్యోగి ఒకాయన "నా కంట్రోల్-డబ్ల్యూకి ఏమైంది, సగమే పోతోంది" అని గ్రూప్‌లో పెట్టాడు. నేను మార్చింది అందరికీ మారిపోయిందని అప్పుడు తట్టింది. సారీ చెప్పి ఫైలు తీసేశాను. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చాను.

నాగావళి_ఒడ్డు
ఊరుమ్మడి బావిలో మన ఇష్టం వచ్చిన గిలక బిగించకూడదు తమ్ముడూ. వెంటనే సారీ చెప్పావు, అది బాగుంది.

మూడులాంతర్ల_మూల
వదులుకోనక్కర్లేదు. ఫైలుకి నీ పేరు పెట్టుకో, డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అని మాత్రం వద్దు. లాగిన్ అయ్యాక బైండ్ మైనస్ ఎఫ్ అని ఆ ఫైలు పేరు కొట్టు. నువ్వు తెరిచిన ఆ ఒక్క షెల్‌కే వర్తిస్తుంది, మిగతా అయిదుగురికీ తెలియనే తెలియదు. ఈటీసీ ఇన్‌క్లూడ్ లైను కూడా అక్కర్లేదు, అది ముందే చదివి ఉంటుంది.

పైడితల్లి_వీధి
నీ సొంత మెషీన్‌లో మాత్రం అసలు ఫైల్లోనే ఉంచు. అక్కడ రీడ్‌లైన్ వాడే ప్రోగ్రాములన్నింటికీ అదే ఫైలు. నేను రోజంతా పీఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్ క్వెరీలు కొట్టే ప్రోగ్రాములో) ఉంటాను, ఈ కీలన్నీ అక్కడా పనిచేస్తాయి. బ్యాష్‌కి మాత్రమే కావాలంటే డాలర్ ఇఫ్ బ్యాష్, చివర డాలర్ ఎండ్‌ఇఫ్ మధ్యలో పెట్టు. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్‌ప్లస్ వాడేవాళ్లు ముందు ఆర్‌ఎల్‌ర్యాప్ చేర్చి నడపండి, అప్పుడు పై బాణానికి పాత క్వెరీ వస్తుంది. అది లేకుండా ఎన్నేళ్లు మళ్లీ మళ్లీ కొట్టానో.

చీపురుపల్లి_ప్యాసింజర్
ఇన్ని కంట్రోల్ కీలు కొడితే ఎడమ చిటికెన వేలు పట్టేస్తుంది. నాకు ఆరు నెలలు నొప్పి. క్యాప్స్‌లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకున్నాక తగ్గింది. లైనక్స్‌లో ఎక్స్ డిస్‌ప్లే వాడుతుంటే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ మైనస్ ఆప్షన్, పక్కన కంట్రోల్ కోలన్ నోక్యాప్స్. కంట్రోల్‌ని అక్కడ సీటీఆర్‌ఎల్ అని నాలుగక్షరాల్లో రాయాలి. ఇది మన కీబోర్డు వైపు మార్పు కాబట్టి ఏ సర్వర్‌కి వెళ్లినా వెంట వస్తుంది, నాగావళి గారికి కూడా అభ్యంతరం ఉండదు.

నాగావళి_ఒడ్డు
ఉండదు. ఇవాళే పెట్టుకుంటాను, నాకూ ఆ వేలే.

అరసవల్లి_ఎండ
రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది, హాట్‌స్పాట్ మీద గంటన్నర పనిచేశాను. లాగిన్ అవగానే బైండ్ మైనస్ ఎఫ్. లోపల ఉంచుకున్నవి మూడే: కంట్రోల్-డబ్ల్యూ, పై కింది బాణాలు, టీటీవై లైను. మిగతావన్నీ నాగావళి గారు చెప్పిన మామూలు కీలే. బాణం పట్టుకుని ఎదురుచూసే పని లేకుండా పోయింది.

ఒకటే సందేహం. ఆల్ట్-చుక్క అని ఎవరో అన్నట్టు గుర్తు, పైన వెతికితే దొరకలేదు.

ఉద్దానం_కొబ్బరి
ఇక్కడ ఎవరూ అనలేదు, కానీ ఉంది. వెనకటి కమాండ్‌లోని చివరి మాటని తెచ్చి పెడుతుంది. ఎంకేడీఐఆర్‌తో ఫోల్డర్ చేసి, సీడీ అని కొట్టి ఆల్ట్-చుక్క కొట్టు. మళ్లీ కొడితే దాని వెనకటి కమాండ్‌ది వస్తుంది.

అరసవల్లి_ఎండ
వచ్చింది. నాలుగుసార్లు కొట్టాను, నిన్నటి పాత్ దాకా వెళ్లింది.